పలుకును పదిలపరచడం

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటర్‌లో ధ్వనిని నాణ్యంగా ముద్రించడానికి సౌండ్ కార్డు అమరికలను ఎట్లా సరిచేసుకోవాలో తెలపడం, ఆ అమరికల వెనుక ఉన్న శాస్త్ర కారణాలను వివరించడం, మౌఖిక సాహిత్యాన్ని భద్రపరచవలసిన బాధ్యతను విద్యార్థులకు గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారి సాహిత్యంలో తాళపత్రాలకు ఎక్కినది కొంత, అచ్చుకు నోచుకొన్నది కొంత. ఈ రెంటికీ అందకుండా నోటి నుండి నోటికి ప్రవహిస్తూ వచ్చినది ఎంతో ఉంది. లాలిపాటలు, నలుగుపాటలు, మంగళహారతులు, నాట్లపాటలు, బుర్రకథలు, ఒగ్గుకథలు ఈ కోవకు చెందినవే. వీటికి గ్రంథాలయాలు మనుషుల గుండెలే.

ఆచార్య బిరుదురాజు రామరాజు (1925-2010) వంటి పరిశోధకులు ఇటువంటి గేయాలను సేకరించి, వాటికి పండితలోకంలో గౌరవస్థానం కల్పించారు. అయితే కాగితం మీద మాట నిలుస్తుంది కాని గొంతు నిలవదు. పాటలోని రాగం, యాసలోని సొగసు, కథకుడు ఊపిరి తీసుకొనే తావు, శ్రోతలు ఊకొట్టే తీరు అక్షరాలకు లొంగవు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘేర్ పల్నాటి వీరుల కథను కథాగాయకుని నోట విని, ధ్వనిముద్రణ చేసుకొని, ఆ పాఠం ఆధారంగా 1982లో 'ది ఎపిక్ ఆఫ్ పల్నాడు' అనే గ్రంథాన్ని వెలువరించారు. విన్నది విన్నట్లు నిలిపే సాధనం ఉంటే తప్ప ఇటువంటి కృషి సాధ్యం కాదు.

ఒకనాడు ఈ పనికి ఆకాశవాణి కేంద్రాలలో ఉన్నటువంటి ప్రత్యేక మందిరాలు, ఖరీదైన యంత్రాలు కావలసి వచ్చేవి. నేడు సాధారణ కంప్యూటర్, ఒక మోస్తరు మైక్రోఫోన్ చాలు. కాని సాధనం ఉన్నంత మాత్రాన ఫలితం చేకూరదు. ఎంతో శ్రమపడి ముద్రించిన పాటలో బుసబుసలు, గరగరలు వినిపించడం, గొంతు పగిలినట్లు ఉండడం చాలామందికి ఎదురయ్యే అనుభవమే. పలు సందర్భాలలో ఈ దోషం యంత్రానిది కాదు. యంత్రానికి మనం చెప్పవలసినది చెప్పకపోవడమే దానికి కారణం. పుస్తకంలోని అచ్చుతప్పును మలిముద్రణలో దిద్దుకోవచ్చు. ఎనభై ఏళ్ల అవ్వ పాడిన పాట ముద్రణలో చెడిపోతే, దాన్ని దిద్దడానికి ఆమె మరల పాడవలసిందే. ఆమె మరల పాడగలదని చెప్పగలవారెవరు? అందువల్ల అమరికలన్నీ పాట మొదలు కాకముందే సరిచూసుకోవాలి.

ధ్వని చేసే ప్రయాణం

మనం పలికినపుడు గాలిలో పీడన తరంగాలు పుడతాయి. అవి మైక్రోఫోన్‌లోని పలుచని పొరను తాకి దాన్ని కంపింపజేస్తాయి. ఆ కంపనాలు అత్యల్పమైన విద్యుత్ సంకేతంగా మారతాయి. ఈ సంకేతం సౌండ్ కార్డును చేరుతుంది. అక్కడ మొదట దాని బలం పెరుగుతుంది. పిదప సౌండ్ కార్డు దాన్ని సెకనుకు వేల పర్యాయాలు కొలిచి, ఒక్కొక్క కొలతను ఒక సంఖ్యగా మారుస్తుంది. ఆ సంఖ్యల వరుసే కంప్యూటర్ జ్ఞాపకంలో నిలిచే ధ్వని. వినే సమయంలో ఇదే ప్రయాణం తిరుగుముఖంగా జరుగుతుంది.

ఈ ప్రయాణంలో నాలుగు మజిలీలు ఉన్నాయి. సంకేతం ఏ ద్వారం గుండా వస్తున్నది? సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తున్నాము? ఒక్కొక్క కొలత ఎంత సూక్ష్మమైనది? సంకేతాన్ని ఎంత బలంగా తీసుకొంటున్నాము? సౌండ్ కార్డు అమరికలన్నీ ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానాలే.

సౌండ్ కార్డు పుట్టుపూర్వోత్తరాలు

1981లో వెలువడిన ఐ.బి.ఎం. వ్యక్తిగత కంప్యూటర్‌కు 'కీచ్' మనే చిన్న స్పీకరు తప్ప వేరు గొంతు లేదు. సింగపూరుకు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో తెచ్చిన 'సౌండ్ బ్లాస్టర్' ధ్వనిని వినిపించడంతోపాటు ముద్రించనూ గలిగింది. అయితే అది ఒక్కొక్క కొలతకు 8 బిట్లు మాత్రమే వాడేది. 1992లో వచ్చిన 'సౌండ్ బ్లాస్టర్ 16' కాంపాక్ట్ డిస్క్ స్థాయి కొలతలను సామాన్యుని ఇంటికి తెచ్చింది. క్రమంగా సౌండ్ కార్డు విడి పలకగా ఉండడం తగ్గి, కంప్యూటర్ ప్రధాన పలక మీదనే ఒక చిప్‌గా ఒదిగిపోయింది. చాలా కంప్యూటర్లలో నేడు ఉన్నది ఇదే. దీనికి భిన్నంగా యు.ఎస్.బి. తీగతో బయటి నుండి తగిలించే 'ఆడియో ఇంటర్‌ఫేస్'లు కూడా ఉన్నాయి. కంప్యూటర్ లోపలి విద్యుత్ అలజడికి ఇవి దూరంగా ఉంటాయి కనుక వీటిలో బుసశబ్దం సాధారణంగా తక్కువ.

సరైన ద్వారం

బల్లపై ఉంచే కంప్యూటర్ వెనుక భాగంలో మూడు రంగుల రంధ్రాలు కనిపిస్తాయి. గులాబీ రంగుది మైక్రోఫోన్‌కు, లేతనీలం రంగుది 'లైన్ ఇన్' అనే ప్రవేశానికి, లేత ఆకుపచ్చ రంగుది స్పీకర్లకు, హెడ్‌ఫోన్లకు ఉద్దేశించినవి. మైక్రోఫోన్ నుండి వచ్చే సంకేతం కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. టేప్ రికార్డరు వంటి పరికరాల నుండి వచ్చే లైన్ సంకేతం దాదాపు మూడవ వంతు వోల్టు. అంటే మొదటిదానికంటే ఎన్నో రెట్లు బలమైనది. కావున టేప్ రికార్డరును గులాబీ రంధ్రానికి తగిలిస్తే ధ్వని పగిలిపోతుంది. మైక్రోఫోన్‌ను నీలి రంధ్రానికి తగిలిస్తే చెవిని రిక్కించినా వినిపించదు. ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి హెడ్‌ఫోన్, మైక్రోఫోన్ రెండింటికీ కలిపి ఒకే రంధ్రం ఉంటుంది. విడి మైక్రోఫోన్‌ను దానికి కలపడానికి తగిన అడాప్టర్ కావాలి.

తీగ తగిలించగానే పని ముగియదు. ల్యాప్‌టాప్‌కు తనదైన మైక్రోఫోన్ ఒకటి లోపలే ఉంటుంది. మనం బయటి మైక్రోఫోన్ ముందు పాడుతున్నా, కంప్యూటర్ లోపలి మైక్రోఫోన్‌తోనే వింటూ ఉండవచ్చు. విండోస్ కంప్యూటర్‌లో 'కంట్రోల్ ప్యానెల్'కు వెళ్లి 'సౌండ్' తెరిచి, 'రికార్డింగ్' అనే భాగాన్ని చూడాలి. అక్కడ కంప్యూటర్‌కు తెలిసిన మైక్రోఫోన్లన్నీ వరుసగా కనిపిస్తాయి. మన మైక్రోఫోన్‌ను ఎంచుకొని 'సెట్ డిఫాల్ట్' నొక్కాలి. పిదప మైక్రోఫోన్‌ను వేలితో మెల్లగా తట్టితే, దాని పేరు ప్రక్కన ఉన్న ఆకుపచ్చ గీతలు ఎగసిపడాలి. అవి కదలకపోతే 'ప్రైవసీ' అమరికలలో మైక్రోఫోన్ వాడకానికి అనుమతి ఉన్నదో లేదో పరిశీలించాలి.

బ్లూటూత్ హెడ్‌సెట్ విషయంలో జాగ్రత్త అవసరం. పాట వినడానికి అది ఎంత బాగున్నా, దాని మైక్రోఫోన్‌ను వాడిన వెంటనే చాలా హెడ్‌సెట్లు టెలిఫోన్ సంభాషణకు ఉద్దేశించిన తక్కువ నాణ్యత పద్ధతికి మారిపోతాయి. ధ్వనిముద్రణకు తీగ ఉన్న మైక్రోఫోనే శ్రేష్ఠం.

సెకనుకు ఎన్ని కొలతలు?

సెకనుకు తీసుకొనే కొలతల సంఖ్యను నమూనాల రేటు అంటారు. ఒక ధ్వనిని తిరిగి యథాతథంగా నిర్మించాలంటే, అందులోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ నమూనాలు తీసుకోవాలి. హ్యారీ నైక్విస్ట్, క్లాడ్ షానన్ అనే శాస్త్రజ్ఞుల కృషి వల్ల స్థిరపడిన సూత్రమిది. మానవుని చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. 1982లో విపణికి వచ్చిన కాంపాక్ట్ డిస్క్‌కు సెకనుకు 44,100 నమూనాలు నిర్ణయించడంలోని అంతరార్థం ఇదే. వీడియోతో ముడిపడిన పనులలో 48,000 వాడుకలో ఉంది.

దీనికీ మన భాషోచ్చారణకూ దగ్గరి సంబంధం ఉంది. పాత టెలిఫోన్ వ్యవస్థ సుమారు 300 నుండి 3,400 హెర్ట్జ్‌ల నడుమ ఉన్న ధ్వనులను మాత్రమే మోసుకుపోయేది. అచ్చులు ఆ హద్దులోనే చాలావరకు ఇమిడిపోతాయి. కాని 'స'కారపు శక్తి ప్రధానంగా 4,000 హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది. కనుకనే ఫోనులో పేరు చెప్పేటపుడు 'స' అన్నది ఎదుటివారికి 'ఫ' వలె వినిపించి, మరల మరల చెప్పవలసి వచ్చేది. సెకనుకు 8,000 నమూనాలతో ముద్రిస్తే 4,000 హెర్ట్జ్‌లకు పైనున్నదంతా పోతుంది. అట్లా పోయిన ధ్వనిని తరువాత ఏ ఉపాయంతోనూ తేలేము. 'స, శ, ష'ల భేదాన్ని పాటించే పండితుని పలుకును, వాటిని ఒకే తీరుగా పలికే పల్లెటూరి యాసను రేపటి పరిశోధకుడు పోల్చి చూడాలంటే, ఆ భేదం ముద్రణలో నిలిచి ఉండాలి కదా!

ఒక్కొక్క కొలత ఎంత సూక్ష్మం?

బట్టను మూరలతో కొలవడానికీ, అంగుళాలతో కొలవడానికీ తేడా ఉంది. అంగుళాల కొలత మరింత ఖచ్చితం. ధ్వనిని కొలిచే మెట్లు ఎన్ని ఉంటే కొలత అంత సూక్ష్మమవుతుంది. 8 బిట్లకు 256 మెట్లు, 16 బిట్లకు 65,536 మెట్లు, 24 బిట్లకు 1,67,77,216 మెట్లు ఉంటాయి. ఒక్కొక్క బిట్టు పెరిగినపుడు, మిక్కిలి మెల్లని ధ్వనికీ మిక్కిలి గట్టి ధ్వనికీ నడుమ ఇమడగల అంతరం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఈ లెక్కన 16 బిట్లకు సుమారు 96 డెసిబెల్స్, 24 బిట్లకు 144 డెసిబెల్స్ వస్తాయి. ఇవి సిద్ధాంత పరిమితులు. వాస్తవంలో ఏ సౌండ్ కార్డూ 144ను అందుకోదు. అయినా 24 బిట్ల వల్ల ఒక గొప్ప సౌకర్యం ఉంది. ధ్వనిని కొంత తక్కువ బలంతో ముద్రించినా సూక్ష్మత చెడదు.

'రికార్డింగ్' భాగంలో మన మైక్రోఫోన్‌ను ఎంచుకొని 'ప్రాపర్టీస్' తెరిస్తే 'అడ్వాన్స్‌డ్' అనే పుట ఉంటుంది. ఈ రెండు అమరికలూ అక్కడే ఉంటాయి. వీలున్నచోట 24 బిట్లు, 48,000 హెర్ట్జ్. లేనిచోట 16 బిట్లు, 44,100 హెర్ట్జ్ ఎంచుకోవాలి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం పాత ముద్రణలను కంప్యూటర్‌కు ఎక్కించేవారికి సూచించిన కనీస ప్రమాణం కూడా 24 బిట్లు, 48,000 హెర్ట్జ్‌లే. ముద్రణకు వాడే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇదే రేటు ఉండాలి. 2000 సంవత్సరం నుండి ఉచితంగా లభిస్తున్న 'ఆడాసిటీ'లో దీన్ని సులభంగా మార్చుకోవచ్చు. రెండుచోట్ల రెండు రేట్లు ఉంటే కంప్యూటర్ ఒకదాన్ని మరొకదానికి మార్చుతూ కూర్చుంటుంది. అది అనవసరమైన పని.

ఒకే గొంతును ఒకే మైక్రోఫోన్‌తో ముద్రించేటపుడు ఒక ఛానల్ చాలు. 24 బిట్లు, 48,000 హెర్ట్జ్‌లతో ఒక ఛానల్‌కు సెకనుకు 1,44,000 బైట్లు, గంటకు సుమారు 518 మెగాబైట్లు అవసరమవుతాయి. రెండు ఛానళ్లకు ఇది రెట్టింపు. పనికి పూనుకొనే ముందే ఖాళీ జాగా చూసుకోవాలి.

ఎంత బలం?

అన్ని అమరికలలో మిక్కిలి కీలకమైనది స్థాయి నిర్ణయం. 'ప్రాపర్టీస్'లోని 'లెవెల్స్' పుటలో మైక్రోఫోన్ స్థాయి, 'మైక్రోఫోన్ బూస్ట్' అనే రెండు జారుడు మీటలు ఉంటాయి. కొన్ని పరికరాలలో రెండవది ఉండదు.

కంప్యూటర్ ధ్వనికి ఒక పైకప్పు ఉంది. దాన్ని సున్న డెసిబెల్ అంటారు. దానికి దిగువన ఉన్నవన్నీ రుణసంఖ్యలే. కుండ నిండిన తరువాత పోసిన నీరు నేలపాలైనట్లు, సున్నను దాటిన ధ్వని అంతా తెగిపోతుంది. గుండ్రంగా లేచిన తరంగ శిఖరం కత్తితో నరికినట్లు చదునవుతుంది. వినడానికి గొంతు చిరిగినట్లు ఉంటుంది. అట్లా తెగిన శిఖరంలో ఏమున్నదో కంప్యూటర్‌కు తెలియదు కనుక దాన్ని తిరిగి తేవడం అసాధ్యం. స్థాయి మరీ తక్కువైతే మరొక ఇబ్బంది. తరువాత ధ్వనిని పెంచినపుడు పాటతోపాటు బుసశబ్దమూ పెరుగుతుంది. ఈ రెండింటిలో మొదటిదే పెద్ద ప్రమాదం. అందుచేత అతి గట్టి పలుకు కూడా -12, -6 డెసిబెల్స్ నడుమ ఆగేటట్లు మీటను నిలపాలి.

స్థాయిని మామూలు మాటతో కాక, ప్రదర్శనలోని అతి గట్టి భాగంతో పరీక్షించాలి. బుర్రకథనే తీసుకొందాం. కథకుడు మెల్లగా మాటలతో ప్రారంభిస్తాడు. వీరరసం పొంగిన ఘట్టంలో అతని గొంతు, వంతగాళ్ల గొంతులు, గుమ్మెటల మోత ఒక్కసారిగా లేస్తాయి. మాటలను చూసి స్థాయి పెట్టినవారికి ఆ ఘట్టం దక్కదు. కనుక 'మీరు అన్నిటికన్నా గట్టిగా పాడే భాగం ఒక నిమిషం వినిపించండి' అని ముందే కోరాలి. లాలిపాట పాడే అవ్వకు ఇది వర్తించదు. ఆమెది మెల్లని గొంతు. అక్కడ మైక్రోఫోన్‌ను దగ్గరకు జరపడమే సరైన ఉపాయం.

దూరం విషయంలో ఒక మంచి లెక్క ఉంది. మూరెడు దూరంలో ఉన్న మైక్రోఫోన్‌ను జానెడు దూరానికి తెస్తే దూరం సగమవుతుంది. నేరుగా చేరే ధ్వని సుమారు 6 డెసిబెల్స్, అంటే రెట్టింపు బలం, పెరుగుతుంది. గది శబ్దం మాత్రం పెరగదు. 'బూస్ట్' మీటతో 20 డెసిబెల్స్ పెంచితే సంకేతం పదిరెట్లవుతుంది కాని దానితోపాటు బుసశబ్దమూ పదిరెట్లవుతుంది. కాబట్టి మొదట దూరం తగ్గించాలి. ఆ తరువాత మైక్రోఫోన్ స్థాయిని పెంచాలి. అప్పటికీ చాలకపోతేనే 'బూస్ట్' జోలికి పోవాలి. మైక్రోఫోన్‌ను నోటికి ఎదురుగా కాక కొంచెం ప్రక్కగా ఉంచితే 'ప, ఫ, బ, భ' పలికినపుడు వెలువడే గాలి విసురు దానికి తగలదు.

అక్కరలేని సహాయాలు

నేటి కంప్యూటర్లు ఫోను సంభాషణలకు అనువుగా కొన్ని సహాయాలను తమంతట తామే చేస్తాయి. శబ్దాన్ని అణచడం, ప్రతిధ్వనిని తొలగించడం, స్థాయిని దానంతట అదే హెచ్చుతగ్గులు చేయడం వీటిలో ముఖ్యమైనవి. సంభాషణకు ఇవి మేలు చేస్తాయి. పాటకు కీడు చేస్తాయి. శబ్దాన్ని అణచే సాధనానికి మనిషి మాట తెలుసు కాని తంబుర శ్రుతి తెలియదు. ఎడతెగని ఆ శ్రుతిని రొదగా భావించి తుడిచివేయవచ్చు. స్థాయిని సరిచేసే సాధనం కథకుడు ఆగిన చోటనెల్లా బుసశబ్దాన్ని పైకి లేపుతుంది. అతడు గొంతెత్తిన చోటనెల్లా అణగదొక్కుతుంది. రసానుగుణంగా కథకుడు చేసిన హెచ్చుతగ్గులన్నీ చదునైపోతాయి.

ఈ సహాయాలను 'ఎన్‌హాన్స్‌మెంట్స్' అంటారు. విండోస్ 11లో 'సెట్టింగ్స్', 'సిస్టమ్', 'సౌండ్' అనే వరుసలో వెళ్లి మైక్రోఫోన్‌ను ఎంచుకొంటే 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' కనిపిస్తుంది. దాన్ని 'ఆఫ్' చేయాలి. కంప్యూటర్ తయారీదారు విడిగా అమర్చిన ధ్వని సాఫ్ట్‌వేర్ ఉంటే అందులోనూ ఇట్లాంటివి వెతికి ఆపాలి. శబ్దం తగ్గించవలసి వస్తే ముద్రణ ముగిసిన తరువాత, ప్రతి మీద చేసుకోవచ్చు. అప్పుడు మూలం చెక్కుచెదరకుండా ఉంటుంది. మాక్, లినక్స్ కంప్యూటర్లలో పేర్లు వేరైనా సూత్రాలు ఇవే.

గది, తీగ, పరీక్ష

మంచి అమరికలు కూడా చెడ్డ గదిని బాగుచేయలేవు. సీలింగ్ ఫ్యాను గాలి మైక్రోఫోన్‌కు తగిలితే గుడగుడమనే శబ్దం ముద్రితమవుతుంది. ఉత్త గోడల గదిలో గొంతు మ్రోగుతుంది. పరుపులు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న గదిలో ఆ మ్రోత తగ్గుతుంది. మన దేశపు విద్యుత్ సరఫరా సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది. ఆ పౌనఃపున్యానికి, దాని గుణిజాలకు చెందిన 'హుమ్' అనే ధ్వని తీగల ద్వారా ముద్రణలో చేరవచ్చు. ల్యాప్‌టాప్‌ను ఛార్జరు తీసివేసి బ్యాటరీ మీద నడిపితే పలుమార్లు ఇది తగ్గుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి.

స్పీకర్లు ఆపి, వినడానికి హెడ్‌ఫోన్లు మాత్రమే వాడాలి. లేకుంటే స్పీకరు ధ్వని మైక్రోఫోన్‌లో దూరి కీచుమని అరుస్తుంది. అక్కరలేని సాఫ్ట్‌వేర్‌లన్నీ మూసివేయాలి. కంప్యూటర్ తీరిక లేకుండా ఉంటే నమూనాలు జారిపోయి, పాట నడుమ 'టక్' మనే శబ్దాలు పుడతాయి. అన్నీ అమరిన తరువాత ఒక నిమిషం ముద్రించి, హెడ్‌ఫోన్లతో శ్రద్ధగా వినాలి. అందులో పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఉండాలి. ఆ నిశ్శబ్దంలో వినిపించేదే మన అసలు శత్రువు.

పాత క్యాసెట్లు

ఎన్నో ఇళ్ల అటకల మీద పాత క్యాసెట్లు ఉన్నాయి. కొన్నింటిలో గతించిన తాతముత్తాతల గొంతులు ఉండవచ్చు. వాటిని కంప్యూటర్‌కు ఎక్కించేటపుడు టేప్ రికార్డరు 'లైన్ అవుట్' నుండి సౌండ్ కార్డు 'లైన్ ఇన్'కు తీగ కలపాలి. 'లైన్ ఇన్' లేని ల్యాప్‌టాప్‌కు యు.ఎస్.బి. ఇంటర్‌ఫేస్ అవసరం. టేపు తాకే 'హెడ్'ను ముందుగా శుభ్రపరచుకోవాలి. స్థాయిని క్యాసెట్‌లోని అతి గట్టి భాగంతో నిర్ణయించుకోవాలి. జీర్ణించిన టేపును పదేపదే త్రిప్పడం మంచిది కాదు. కనుక అమరికలను వేరొక మామూలు క్యాసెట్‌తో సరిచూసుకొని, స్థాయి పరీక్షకు మాత్రమే కొద్దిగా వినిపించి, అసలు క్యాసెట్‌ను ఒక్కసారిలో ముద్రించుకోవాలి.

దాచే పద్ధతి

ముద్రించిన ధ్వనిని మొదట 'వేవ్' రూపంలోనే దాచాలి. 'ఎం.పి.3' రూపంలో పరిమాణం ఎంతో తగ్గుతుంది. అయితే చెవికి అంతగా తెలియవనుకొన్న అంశాలను తొలగించడం వల్లనే ఆ తగ్గుదల సాధ్యమవుతుంది. తొలగించినది మరల రాదు. మిత్రులకు పంపడానికి ఎం.పి.3 ప్రతి వేరుగా చేసుకోవచ్చు. మూలాన్ని మాత్రం రెండు వేర్వేరు చోట్ల, కంటికి రెప్పలా కాపాడాలి. ముద్రణ ప్రారంభంలో పాడేవారి పేరు, ఊరు, తేది, పాట రకం మాటలలో చెప్పించాలి. చీటీ పోవచ్చు గాని పాటలోనే ఉన్న మాట పోదు. అన్నిటికంటె ముందు పాడేవారి అనుమతి తీసుకోవాలి. పాట వారిది, మనం దాన్ని భద్రపరచేవారం మాత్రమే.

ముగింపు

విద్యార్థులారా! నమూనాల రేటు తక్కువైతే 'స'కారం పోతుంది. స్థాయి ఎక్కువైతే శిఖరం పోతుంది. అక్కరలేని సహాయం చేరితే శ్రుతి పోతుంది. పోయినవేవీ తిరిగిరావు. వీటిని సరిచూసుకోవడానికి పట్టేది పావుగంట సమయం. మీ ఇంటిలో, మీ వీధిలో, మీ ఊరిలో పాట తెలిసిన పెద్దలు ఎవరో ఒకరు ఉంటారు. ఆ పావుగంట వారికోసం వెచ్చించండి. మీరు నిలిపిన గొంతు మీ తరువాతి తరాలకు అక్కరకు వస్తుంది.

కఠిన పదాలు - అర్థాలు

మౌఖిక సాహిత్యం = నోటి ద్వారా ప్రచారంలో ఉన్న సాహిత్యం
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
పౌనఃపున్యం = ఒక సెకనులో జరిగే కంపనాల సంఖ్య
నమూనా = ధ్వనిని కొలిచిన ఒక్క కొలత
యథాతథం = ఉన్నది ఉన్నట్లు
విపణి = అంగడి, మార్కెట్టు
భాండాగారం = వస్తువులను భద్రపరచే చోటు
వంతగాడు = కథకునికి వంత పాడేవాడు
గుమ్మెట = బుర్రకథలో వాడే చర్మవాద్యం
జీర్ణించిన = పాతబడి శిథిలమైన

అభ్యాసాలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నాణ్యమైన ధ్వనిముద్రణకు సౌండ్ కార్డులో సరిచూసుకోవలసిన అమరికలను కారణాలతో వివరించండి.
2. ధ్వనిముద్రణలో జరిగే లోపాలలో కొన్నింటిని తరువాత సరిదిద్దలేము. ఎందువల్లనో పాఠం ఆధారంగా చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మైక్రోఫోన్ ప్రవేశానికీ, 'లైన్ ఇన్' ప్రవేశానికీ భేదమేమి?
2. నమూనాల రేటుకూ 'స'కార స్పష్టతకూ ఉన్న సంబంధాన్ని తెలపండి.
3. బుర్రకథను ముద్రించేటపుడు స్థాయిని ఎట్లా నిర్ణయించాలి?
4. సంభాషణకు మేలుచేసే సహాయాలు పాటకు ఎందుకు కీడుచేస్తాయి?

III. ఈ క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. కాగితం మీద మాట నిలుస్తుంది కాని గొంతు నిలవదు.
2. ఆ నిశ్శబ్దంలో వినిపించేదే మన అసలు శత్రువు.
3. పాట వారిది, మనం దాన్ని భద్రపరచేవారం మాత్రమే.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కాంపాక్ట్ డిస్క్‌లో సెకనుకు ఎన్ని నమూనాలు ఉంటాయి?
2. 16 బిట్లకు ఎన్ని మెట్లు ఉంటాయి?
3. మూలాన్ని ఏ రూపంలో దాచాలి?

V. ఈ క్రింది పదాలను విడదీసి సంధి పేరు తెలపండి.
గ్రంథాలయం, అత్యల్పం, భాషోచ్చారణ, ఒక్కొక్క

VI. ఈ క్రింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసం పేరు తెలపండి.
తాతముత్తాతలు, తరంగ శిఖరం, మూడు రంగులు

VII. ఈ క్రింది పదబంధాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.
నేలపాలగు, చెక్కుచెదరక, కంటికి రెప్పలా, అక్కరకు వచ్చు

VIII. చేయవలసిన పని
మీ కుటుంబంలో గాని, మీ ఊరిలో గాని ఒక పెద్దల అనుమతి పొంది, వారికి తెలిసిన ఒక పాటను ఈ పాఠంలోని పద్ధతిలో ముద్రించండి. మీరు ఎంచుకొన్న అమరికలను, వాటికి కారణాలను ఒక పుటలో రాసి తరగతిలో చదవండి.